గాలి కొరియర్‌లో రాదు



మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు హైదరాబాదు నుంచి రాజమండ్రి వచ్చాడు. తిరుగు ప్రయాణంలో అరిసెలూ, సున్నుండలూ పట్టాల్సిన సంచి వస్తూ వస్తూనే నిండిపోయి ఉంది. ఏవిట్రా అంటే, "స్కూబా సామాను మావయ్యా, అంతా ఆన్‌లైన్లో తెప్పించా" అన్నాడు. ఆఫీసు స్నేహితులతో కలిసి కిందటేడు విశాఖ రుషికొండ వెళ్లి, వీపున గాలిసీసా కట్టుకుని ఒక్కసారి సముద్రంలో మునిగొచ్చాడు. అక్కణ్ణుంచి ఆ పురుగు కుట్టింది. ఒక పార్సిల్లో మాస్కు, కాళ్లకి తగిలించుకునే రెక్కలు. ఇంకోదాన్లో నోట్లో పెట్టుకునే రెగ్యులేటరు. మూడోదాన్లో మంచినీళ్ల సీసా అంత చిన్న సిలిండరు, దాన్లోకి గాలి కొట్టుకోడానికి ఒక చేతిపంపు.

మా ఇంట్లో ఆడవాళ్లు ఆ సిలిండరు చూసి, ఇది ఏ గ్యాసు స్టవ్వుకిరా అని అడిగారు.

వాడు లెక్క చెప్పాడు. రుషికొండ దుకాణంలో రెక్కలు తొడిగి చూసుకున్నాట్ట. సైజు సరిపోయింది. దుకాణదారు ధర చెబుతుంటే వీడు పక్కకి తిరిగి ఫోన్లో అదే రకం వెతికాట్ట. మూడువేలు తేడా. "ఎవరైనా అదే చేస్తారు మావయ్యా" అన్నాడు. నేను మాత్రం నీతులు చెప్పగలనా? మొన్నీమధ్య నా కళ్లజోడు ఫ్రేము కూడా అలాగే కొన్నాను. కానీ మా తాడితోట బట్టల కొట్లో గంటసేపు పరుపు మీద కూర్చుని, యాభై చీరలు మడత విప్పించి, వాళ్లిచ్చిన చల్లమజ్జిగ తాగి, "ఇప్పుడే వస్తా"మని లేచొచ్చినప్పుడు వెన్నులో కాస్త జంకు పుడుతుంది చూడండి, ఆ జంకు వీడి తరానికి లేదు. ఫోను దాన్ని తీసేసింది.

మర్నాడు ఆ సీసా పట్టుకుని కోటిలింగాల రేవుకి బయల్దేరాడు. నేనూ వెంట పడ్డాను. చేతిపంపుతో అరగంట కొట్టేసరికి చెమట్లు కారాయి గానీ మీటరు ముల్లు సగానికైనా రాలేదు. "పంక్చరు షాపులో కొట్టిస్తే?" అన్నాడు. కారు టైరులో గాలి ముప్పై పెట్టమంటాం కదా, ఆ కొలతలోనే చెప్పాలంటే స్కూబా సిలిండర్లో గాలి మూడువేలు ఉంటుంది. వందరెట్లు. పంక్చరు షాపు మిషనుకి ఆ ఓపిక లేదు. ఉన్నా దాని గాలిలో నూనె ఆవిరి కలుస్తుంది. టైరుకి ఊపిరితిత్తులు లేవు కాబట్టి పర్వాలేదు. మనిషి పీల్చే గాలికి వేరే కంప్రెసరు, వేరే వడపోత కావాలి. పైపెచ్చు ఆ కంప్రెసరు గాలి తీసుకునే గొట్టం పక్కన ఏ జనరేటరో పొగ వదులుతుంటే, ఆ పొగలోని విషవాయువు కూడా సిలిండర్లోకే వెళుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నీటి లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ దాని విషం మరీ కాటేస్తుంది.

సరే, రేవులో ఇసుక పడవ ఒకటి ఆగి ఉంది. మన ఊరివాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, దూరాన వింటున్నవాళ్ల కోసం చెబుతున్నాను. రాజమండ్రి దగ్గర గోదావరిలో పడవల మీద ఇసుక తీసేవాళ్లున్నారు. ఏటి నడుమ పడవ నిలిపి, పొడుగాటి వెదురు గెడ అడుక్కి దిగ్గొడతారు. ఒకడు బకెట్టు పుచ్చుకుని ఆ గెడ వెంబడి కిందికి జారతాడు. ఊపిరి బిగబట్టి, అడుగున బకెట్టు నిండా ఇసుక తోడి, పైకి వస్తాడు. పడవ నిండేదాకా అదే పని. మాస్కు లేదు, రెక్కలు లేవు, రెగ్యులేటరు లేదు. పుట్టినప్పట్నుంచీ ఏరే వాళ్లకి బడి.

ఆ పడవ మీద నడివయసు మనిషి బీడీ ఆర్పుతూ మావాడి చేతిలో సీసా చూశాడు. "ఏటండి అబ్బాయిగారూ అది?" అన్నాడు. "గాలి బాబాయ్. దీన్ని నోట్లో పెట్టుకుంటే నీళ్లలో ఊపిరి తీసుకోవచ్చు." "ఎంతసేపొస్తాదండి?" మావాడు కంపెనీవాడు రాసింది చదివి "పది నిమిషాలు" అన్నాడు. ఆ మనిషి నవ్వి, "అయితే నాకంటే బాగానే ఉందండి, ఆయ్" అన్నాడు.

నిజానికి ఆ పది నిమిషాల లెక్క పైకి చెప్పుకోడానికే. ఆ సీసా అర లీటరుది. రెండువందల రెట్లు అదిమి నింపితే వంద లీటర్ల గాలి. కొత్తగా నీళ్లలోకి దిగిన మనిషి కంగారులో నిమిషానికి ఇరవై లీటర్లైనా పీలుస్తాడు. అంటే పైన కూర్చుని పీల్చినా ఐదు నిమిషాలు. ముప్పైమూడు అడుగుల లోతుకి వెళితే ఒత్తిడి రెట్టింపు. అక్కడ ప్రతి ఊపిరికీ రెట్టింపు గాలి ఖర్చు. రెండున్నర నిమిషాల్లో సీసా ఖాళీ.

అసలు ప్రమాదం అదీ కాదు. ఇసుక తోడే ఆ మనిషికీ మావాడికీ తేడా ఎక్కడుందో నాకూ తరవాతే తెలిసింది. ఆయన ఒడ్డున పీల్చిన ఊపిరితో దిగుతాడు. లోతుకి పోయేకొద్దీ ఆయన రొమ్ములో గాలి నలిగి చిన్నదవుతుంది, పైకొచ్చేసరికి మళ్లీ మొదటి కొలతకే వస్తుంది. దాచుకున్నది దాచుకున్నట్టు తిరిగి తెస్తాడు. సీసా గాలి సంగతి అలా కాదు. అది లోతులో, అక్కడి ఒత్తిడి మీద రొమ్ములోకి దిగుతుంది. అలా ఊపిరితిత్తులు నిండా పీల్చి, బెదిరిపోయి, ఊపిరి బిగబట్టి పైకి తన్నుకొచ్చాడనుకోండి, ఆ గాలి ఉబ్బుతుంది. ముప్పైమూడు అడుగుల నుంచి వస్తే రెట్టింపవుతుంది. ఊపిరితిత్తి చిట్లుతుంది. ఇందుకు సముద్రాలే అక్కర్లేదు, నాలుగైదు అడుగుల లోతు చాలు. ఈతకొలనులో కూడా జరుగుతుంది. అందుకే స్కూబా నేర్పేవాళ్లు మొట్టమొదట చెప్పే మాట, ఎన్నడూ ఊపిరి బిగబట్టకు అని. మన ఏటి ఒడ్డున పిల్లలకి మొట్టమొదట చెప్పే మాటేమో, ఊపిరి బిగబట్టు అని! రెండూ నిజమే. ఏ గాలి పీల్చావన్నదాన్ని బట్టి ఏది నిజమో తేలుతుంది. సీసాతోపాటు వచ్చిన కాగితంలో ఈ సంగతి లేదా అంటే ఉంది. ఆవగింజంత అక్షరాల్లో, ఏడో పేజీలో.

ఆవేళ మావాడు నీళ్లలోకి దిగలేదు. నేను దిగనివ్వలేదనడం కంటే, పంపు కొట్టి కొట్టి వాడికే చేతులు పడిపోయాయనడం న్యాయం.

కనుమ వెళ్లాక ఇద్దరం విశాఖ వెళ్లాం. రాజమండ్రి నుంచి రెండువందల కిలోమీటర్లకి కాస్త తక్కువ. మనకి దగ్గర్లో స్కూబా దుకాణం అంటే అక్కడిదే. మన రాజమండ్రి మెయిన్ రోడ్డులో బంగారం కొట్లున్నాయి, గాజుల కొట్లున్నాయి, మూడువందల అరవై రకాల ఊరగాయలున్నాయి. సముద్రానికి ఇంత దగ్గర్లో, ఇంత పెద్ద ఏటి ఒడ్డున ఉండి కూడా, గాలిసీసా నింపే కొట్టు లేదు. విశాఖలో ఉండడానికి కారణం ఉంది. తూర్పు నౌకాదళం అక్కడుంది, నీటి అడుగున పని చేయడం నేర్చి రిటైరైనవాళ్లు అక్కడుంటారు. 2025 జులైలో నౌకాదళంలో చేరిన ఐ.ఎన్.ఎస్. నిస్తార్, లోతునీటి డైవర్ల కోసమే కట్టిన ఓడ, విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులోనే తయారైంది. విద్య ఒకచోట పోగైతే దాని పక్కన కొట్టు పుడుతుంది.

దుకాణంలో ఉన్న పెద్దమనిషి నౌకాదళంలో చేసి వచ్చినాయనే. మావాడు బల్ల మీద సామాను ఒక్కొక్కటీ పెట్టాడు. ఇవి ఇక్కడ కొన్నవి కావని ఆయనకి తెలియకపోలేదు. ముఖం మాత్రం మాడ్చుకోలేదు. ముందు మాస్కు తీశాడు. పట్టీ తగిలించకుండా మావాడి ముఖానికి ఆనించి, "ముక్కుతో గాలి లాగండి సార్" అన్నాడు. మాస్కు మంచిదై, ముఖానికి అతికితే చెయ్యి తీసినా పడదు. మావాడిది జారి ఒళ్లో పడింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ పడింది. "మాస్కు తప్పు కాదు సార్. మీసం" అన్నాడాయన. సిలికాను అంచుకీ చర్మానికీ మధ్య వెంట్రుకలు అడ్డొస్తే ఆ సందులోంచి నీళ్లు కారతాయి. ముక్కు కింద సన్నటి గీతలా గీయించుకోమన్నాడు. మావాడి మీసం మా బావగారి వారసత్వం. గోదావరి జిల్లా మగాణ్ణి ఏమైనా అడగొచ్చుగానీ, మీసం అడక్కూడదు. ఆ పూట అది తేలలేదు.

మాస్కు గాజుకి లోపలవైపు కంపెనీలో పట్టిన సన్నటి పొర ఉంటుందనీ, దాన్ని పేస్టు పెట్టి వేలితో రుద్ది కడక్కపోతే ఎంత ఖరీదు మాస్కైనా ఆవిరి పడుతుందనీ కూడా ఆయనే చెప్పాడు. ఈ మాటకి ఆయన బిల్లు వెయ్యలేదు.

రెగ్యులేటరు దగ్గరికొచ్చేసరికి చిక్కు పడింది. సిలిండరుకి దాన్ని బిగించే పద్ధతులు రెండు. యోక్ అని ఒకటి, కొక్కెంలా మీదనుంచి పట్టుకుంటుంది. డిన్ అని ఇంకొకటి, మరమేకులా లోపలికి తిరుగుతుంది. మావాడు తెప్పించింది డిన్. అక్కడున్న సిలిండర్లు యోక్. మధ్యలో తగిలించే అడాప్టరు విడిగా కొనాలి. సరే అదొక ఖర్చు. ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. "ఏడాదికోసారి దీన్ని విప్పి రబ్బరు వాషర్లు మార్చాలి. కొన్ని కంపెనీలు రెండేళ్లు అంటాయి. ఈ కంపెనీ వాషర్లు మీకు ఎవరు ఇస్తారు?" మావాడి దగ్గర జవాబు లేదు. సిలిండర్లో రెండువందల రెట్లు అదిమిన గాలిని నోటికి తగినంత మెత్తగా చేసి, మనం పీల్చినప్పుడే, పీల్చినంతే ఇవ్వడం రెగ్యులేటరు పని. ఆ పనంతా రెండు మూడు కవాటాలూ గుప్పెడు రబ్బరు రింగులూ చేస్తాయి. 1986లో అమెరికావాళ్ల ఛాలెంజరు వ్యోమనౌక పేలిపోయి ఏడుగురు పోయిందీ చలికి బిగుసుకున్న రబ్బరు రింగు వల్లే.

అన్నట్టు ఈ రెగ్యులేటరు పుట్టుక తమాషాగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో పెట్రోలు దొరక్క కార్లు గ్యాసు మీద నడిపేవారు. ఆ గ్యాసుని ఇంజనుకి కావలసినంతే వదిలే కవాటం ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరు చేతిలో ఉంది. నౌకాదళం ఆఫీసరు జాక్ కూస్తో ఆయన దగ్గరికెళ్లి, అదే కవాటం మనిషి ఊపిరికి పనికొచ్చేలా చెయ్యమన్నాడు. 1943లో దాన్ని మొదట పరీక్షించింది సముద్రంలో కాదు, పారిస్ దగ్గర మార్న్ అనే ఏట్లో. మొదటిసారి సరిగా పని చెయ్యలేదు. కూస్తో తలకిందులైతే గాలి ఆగిపోయింది, నిటారుగా నిలబడితే వృథాగా పోయింది. ఇద్దరూ తిరిగి వెళ్లి గాలి బయటికి పోయే దారి మార్చారు. కొన్నవాడూ చేసినవాడూ ఒకే ఒడ్డున ఉంటే జరిగే పని అది.

ఇక ఆ చిన్న సిలిండరు. ఆయన దాన్ని తిప్పి తిప్పి మెడ దగ్గర వేళ్లతో తడిమాడు. ఎప్పుడు తయారైందో, ఏ పరీక్షకి నిలిచిందో చెప్పే ముద్రలు దాని మీద లేవు. మన దేశంలో ఇలాంటి సిలిండరు దిగుమతి చెయ్యాలన్నా, నింపాలన్నా 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనలున్నాయి. నాగపూరు కేంద్రంగా ఉన్న పేలుడు పదార్థాల భద్రతా సంస్థ అనుమతి కావాలి. గడువుకోసారి నీటిపీడనంతో పరీక్ష చేయించాలి. "నేను నింపను సార్" అన్నాడాయన. మావాడికి రోషం వచ్చింది. "మీ దగ్గర కొనలేదని కదా?" అనేశాడు. నాకు ప్రాణం చచ్చిపోయింది. ఆయన మాత్రం సీసా నెమ్మదిగా బల్ల మీద పెట్టి, "మిమ్మల్ని కిందికి దింపితే మళ్లీ పైకి తేవాల్సింది నేనే కదండీ" అన్నాడు.

ఇంతవరకూ విని, కొట్టువాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నానని అనుకోకండి. కొట్టువాళ్లందరూ ఆయనలా ఉండరు. పదినిమిషాలు ముంచి, నాలుగు ఫోటోలు తీసి, డబ్బులు లాక్కుని పంపేవాళ్లూ ఉన్నారు. మన పాదం సైజు దొరకదు. ఉన్న ఒక్క కంపెనీనే గొప్పదంటారు. ఇక అమలాపురంలోనో, నరసాపురంలోనో ఉండే కుర్రాడికి ఈ విద్య మీద మోజు పుడితే వాడికి ఫోను తప్ప వేరే అంగడి ఏది? లోతునీ సమయాన్నీ లెక్కగట్టే చేతిగడియారం లాంటి కంప్యూటరు ఉంటుంది, అది బజారుకీ ఆన్‌లైన్‌కీ పెద్ద తేడాతో దొరుకుతుంది. కొనుక్కోండి. రెక్కలు, చేతితొడుగులు, సంచులు, దీపాలు, వీటికీ అభ్యంతరం లేదు. ఒంటికి తగిలేది ఎక్కడ కొన్నా ఒకటే. ఊపిరి దేని మీద ఆధారపడుతుందో దాన్ని మాత్రం, రేపు అది మొరాయిస్తే ఎవరి బల్ల మీద పెట్టగలమో ఆ మనిషి దగ్గరే కొనాలని నా పట్టుదల. పదివేలకి మూడువేలు తగ్గిందని సంబరపడ్డ మావాడు, అడాప్టరుకీ, మరమ్మతుకీ, పోను రాను ఖర్చుకీ దానికి రెట్టింపు పెట్టాడు. ఈ లెక్క వాళ్ల అమ్మకి చెప్పొద్దన్నాడు. రేడియోలో చెప్పొద్దని మాత్రం అనలేదు.

తిప్పి పంపుదామంటే పది రోజుల గడువు దాటిపోయింది. అమ్మినవాడు ఏ దేశంలో ఉన్నాడో పెట్టె మీద లేదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవాడి పేరూ చిరునామా, వస్తువు ఏ దేశానిదో కొనకముందే చూపించాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక అమ్మినవాడు ఎక్కడున్నా, మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. 1915 అని ఫోను నంబరు కూడా ఉంది. మావాడు ఆ నంబరుకి చేశాడు, ఇంకా నడుస్తోంది.

గోదావరి ఒడ్డున కూర్చుని డైవింగు మాట ఎత్తితే కచ్చులూరు గుర్తు రాక మానదు. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. పాపికొండలు చూడబోతున్న రాయల్ వశిష్ఠ పడవ దేవీపట్నం ఎగువన కచ్చులూరు మందం దగ్గర సుడిలో మునిగింది. డెబ్భైమందికి పైగా ఉన్నారు, ఇరవయ్యారుగురు బతికి బయటపడ్డారు. పడవ రెండువందల అడుగులకి పైబడ్డ లోతులో, వరద వడిలో, బురదలో ఉండిపోయింది. సరదాకి స్కూబా చేసేవాళ్లకి గరిష్ఠ హద్దు నూటముప్పై అడుగులు. విపత్తు దళాలొచ్చాయి, నౌకాదళం గజ ఈతగాళ్లొచ్చారు, సోనారు యంత్రాలొచ్చాయి. ఆ నీళ్లలో కన్ను కనపడదు. చివరికి కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం లంగర్లూ, ఇనుప తాళ్లూ వేసి, లాగి, తెగితే మళ్లీ వేసి, పడవని కొంత పైకి జరిపింది. విశాఖ నుంచి వచ్చిన డైవర్లు దిగి తాడు బిగించారు. అక్టోబరు 22న, ముప్పయ్యెనిమిదో రోజున, పడవ ఒడ్డుకి చేరింది. ఇలాంటప్పుడు పేపర్లు డైవర్లు ఆక్సిజను సిలిండర్లతో దిగారని రాస్తుంటాయి. డైవర్లు ఈ మాట వింటే తల పట్టుకుంటారు. స్కూబా సిలిండర్లలో సాధారణంగా ఉండేది మామూలు గాలే. వట్టి ఆక్సిజను ఇరవై అడుగులు దాటితే మెదడుకి విషమై మూర్ఛ తెప్పించగలదు.

ఆ ముప్పయ్యెనిమిది రోజులూ టీవీ ముందు కూర్చున్నప్పుడు నాకు ఒకటే ఆలోచన. కాకినాడ ఉప్పుటేరు గట్టున తాళ్లూ, గొలుసులూ, లంగర్లూ అమ్మే కొట్లున్నాయి. రేవులో పనిచేసేవాళ్లు ఏ తాడు ఎంత బరువుకి ఆగుతుందో చేత్తో పట్టి చెబుతారు. మునిగిన పడవల్ని లాగే విద్య అలాంటి చేతుల మధ్యే పెరిగింది. అదే జిల్లాలో నీళ్లలోకి దిగే మనిషికి సీసా నింపే చోటు మాత్రం లేదు.

2027లో మళ్లీ పుష్కరాలు. లక్షలమంది మునుగుతారు. రేవుల్లో ఈతగాళ్లని పెడతారు, లైఫ్ జాకెట్లు వేలల్లో కొంటారు, టెండర్లు పిలుస్తారు. అందులో ఒక్క మంచి కంప్రెసరు, దాన్ని చూసుకునే ఇద్దరు నేర్చిన మనుషులు రాజమండ్రిలోనో, కాకినాడలోనో శాశ్వతంగా ఉండేట్టు చేస్తే, పుష్కరాలయ్యాక కూడా అది మిగులుతుంది. ఇసుక పడవల పిల్లల్లో నలుగురికి ఆ విద్య నేర్పితే ఇంకా మంచిది. బురదనీళ్లలో చేత్తో వెతకడం వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు.

మావాడు హైదరాబాదు వెళ్లే ముందు రోజు సాయంత్రం మళ్లీ రేవుకి వెళ్లాం. చిన్న సీసాలో గాలి వదిలేసి, మూత తీసి, మా అటక మీద పెట్టేశాడు. రెగ్యులేటరు విశాఖ పెద్దమనిషి దగ్గరే ఉంది, వాషర్ల కోసం. చేతిలో మాస్కు ఒక్కటే మిగిలింది. పాత హేవలాక్ వంతెన వైపు మోకాటి లోతు నీళ్లలో ఒక కుర్రాడు తాడు చివర అయస్కాంతం కట్టి చిల్లర వెతుకుతున్నాడు. రైళ్లలోంచి జనం గోదారమ్మకి వేసిన రూపాయి బిళ్లలు. మావాడు పిలిచి మాస్కు ఇచ్చాడు. వాడు పట్టీ పక్కకి తోసి, అటూ ఇటూ తిప్పి ముఖానికి అదుముకుని, ముక్కుతో గాలి లాగాడు. రెండు చేతులూ వదిలేశాడు. అది పడలేదు.

వాడికింకా మీసం రాలేదు.